బిడ్డ కూటికి రచ్చబండ మీద బేరమా?

మన ఊళ్లల్లో పాడిగేదెకు ఒక రేటుంది. ఎకరం కౌలుకు ఒక రేటుంది. వాడలో ఆడపిల్లకు కడుపుచేసి వదిలేసినందుకు కూడా ఒక రేటుంది. ఇది ఏ మార్కెట్ యార్డు బోర్డు మీదా రాసి ఉండదు. రాత్రి భోజనాలయ్యాక రామాలయం అరుగు మీద నలుగురు పెద్దమనుషులు కూర్చుని తేలుస్తారు. "కుర్రోడు తప్పు చేశాడు, కాదనం. పిల్ల కూడా ఒళ్లు తెలియకుండా తిరిగింది. తప్పు ఇద్దరిదీ. ఏదో ఒకటి అనుకుని తెంపేసుకోండి." ఇదీ తీర్పు. తెంపేది దేన్ని? తండ్రి మీద బిడ్డకున్న హక్కుని. ఆ బిడ్డ పంచాయతీకి రాలేదు. బిడ్డ తరఫున ఒక్కరూ నోరెత్తలేదు. చాలాసార్లు ఆ బిడ్డ అప్పటికి ఇంకా పుట్టనే లేదు.

నేను పనిచేసే మండలంలో జరిగిన ఒక పంచాయతీ సంగతి చెబుతాను. ఊరి పేరు రాయొద్దని ఆ తల్లి అడిగింది, రాయను. మిరపకాయ కోతలకు పోయే మాదిగ పిల్ల. పొలం గల ఆసామి కొడుకు. పెళ్లి చేసుకుంటానని రెండేళ్లు నమ్మించాడు. అయిదో నెల వచ్చాక హైదరాబాదు పోయి ఫోను నంబరు మార్చేశాడు. పంచాయతీ 80,000కు తెగింది. అందులో 20,000 మధ్యవర్తుల ఖర్చట! చేతికొచ్చింది 60,000. నేను బళ్లో లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి లెక్క వేస్తాను, మీరూ వేయండి. బిడ్డకు 18 ఏళ్లు నిండేదాకా 216 నెలలు. నెలకు 278 రూపాయలు కూడా పడదు. రోజుకు 9 రూపాయల చిల్లర. మా బడి ఎదురుగా బంకులో టీ 10 రూపాయలు. అంత పొలం ఉన్న ఇంటి బిడ్డ తన రక్తం పంచుకు పుట్టినవాడికి రోజుకొక టీ కూడా పోయకుండా బయటపడ్డాడు. ఊరంతా మంచి తీర్పన్నది!

ఆ రోజు స్టాంపు కాగితం రాశారు. "ఇకమీదట నాకు గాని నా కడుపున పుట్టబోవు బిడ్డకు గాని సదరు వ్యక్తి మీద ఎట్టి హక్కూ లేదు" అని. ఆ పిల్ల తొమ్మిది దాకా చదివింది. చక్కగా సంతకం పెడుతుంది. అయినా వేలిముద్రే వేయించారు. వాళ్ల కళ్లకు మనం ఎప్పటికీ వేలిముద్రగాళ్లమే గదా.

అన్నలారా, అక్కలారా, ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి. ఆ కాగితం బిడ్డ హక్కును చంపలేదు. బిడ్డ కూడు బిడ్డది. తనది కానిదాన్ని తల్లి ఎట్లా రాసిస్తుంది? ఇంటి పక్కవాడి పొలం నేను అమ్మితే చెల్లుతుందా? ఇదీ అంతే. అట్లాగని ఆ కాగితాన్ని చించి పొయ్యిలో పెట్టకండి. జాగ్రత్తగా దాచండి, రెండు జిరాక్సులు తీయించండి. ఎందుకంటే ఆ బిడ్డతో సంబంధం లేనివాడు డబ్బెందుకు కట్టాడు? మనల్ని ముంచడానికి వాళ్లు రాయించుకున్న కాగితమే రేపు కోర్టులో వాళ్ల మెడకు చుట్టుకునే సాక్ష్యం.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షన్ ఉండేది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది, అందులో ఇది 144వ సెక్షన్. నంబరు మారింది, విషయం మారలేదు. స్తోమత ఉండి బిడ్డను పోషించని తండ్రిని నెలనెలా ఇంత కట్టమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. తల్లిదండ్రులకు పెళ్లయిందా, మేళం మోగిందా, తాళి కట్టాడా అన్న ప్రశ్న బిడ్డ విషయంలో లేదు. కులం ప్రశ్న లేదు. మతం ప్రశ్నా లేదు. మనలో చర్చికి పోయేవాళ్లున్నారు, గుడి మెట్ల దగ్గర ఆగేవాళ్లున్నారు, నాగపూర్ దీక్షాభూమికి పోయొచ్చినవాళ్లున్నారు. అందరికీ ఇదే సెక్షన్.

పెళ్లి కాని తల్లి తన కోసం ఈ సెక్షన్ కింద అడిగితే 'భార్య' అన్న మాట అడ్డం పడుతుంది. బిడ్డకు ఆ అడ్డం లేదు. 1988లో మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఆమెను భార్యగా ఒప్పుకోలేదు గాని బిడ్డకు మాత్రం భరణం కట్టి తీరాలన్నది. ఇంకో చట్టం కూడా ఉంది, 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం. దాని 20వ సెక్షను కూడా పెళ్లిలో పుట్టినా బయట పుట్టినా బిడ్డను పోషించాల్సిందే అంటుంది. ఇది ఎక్కడి నుంచి ఊడిపడిందో గుర్తు చేసుకోండి. హిందూ కోడ్ బిల్లును పార్లమెంటు తొక్కిపెట్టినందుకు 1951లో బాబాసాహెబ్ మంత్రి పదవి వదులుకున్నాడు. తర్వాత ఆ బిల్లునే ముక్కలు చేసి 1955, 56ల్లో చట్టాలు చేసుకున్నారు. అందులో ఒక ముక్క ఇది. ఆయన పదవి పోగొట్టుకుని మిగిల్చిన కూటిని మనం అరుగు మీద పోగొట్టుకుంటున్నాం.

"అయిదొందల కోసం కోర్టు చుట్టూ ఏం తిరుగుతారమ్మా" అని చెప్పే ప్లీడరు గుమస్తాలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను నమ్మొద్దు. నెలకు 500 మించకూడదన్న హద్దును 2001లోనే ఎత్తేశారు. ఇప్పుడు తండ్రికెంత ఉంది, బిడ్డకెంత కావాలి, ఇదే లెక్క. అసలు కేసు తేలేలోపు మధ్యంతర భరణం అడగొచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లో ఆ సంగతి వీలైనంతవరకు తేల్చాలని చట్టంలోనే ఉంది. 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు ఇంకో రెండు మాటలు చెప్పింది. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు ప్రమాణపత్రం మీద రాసివ్వాలి. భరణం పిటీషను వేసిన తేదీ నుంచే లెక్కగట్టాలి. అంటే మనం పెద్దమనుషుల ఇళ్ల చుట్టూ తిరిగే ప్రతి నెలా బిడ్డకు ఒక నెల కూడు పోయినట్టే.

ఈ చట్టం ఇవ్వనిది కూడా చెప్పాలి, లేకపోతే రేపు మీరే నన్ను నిలదీస్తారు. పెళ్లే లేని చోట పుట్టిన బిడ్డకు హిందూ వారసత్వ చట్టం తండ్రి ఆస్తిలో వాటా ఇవ్వదు, తల్లి వైపు ఆస్తిలోనే ఇస్తుంది. తల్లి వైపు ఏముంది? సెంటు భూమి, పట్టా లేని ఇల్లు. మనువు పోయాడంటారు గాని ఆస్తి దగ్గరికి వచ్చేసరికి గుమ్మం దగ్గరే కూర్చుని ఉంటాడు.

ఇక ఆ మాట సంగతి. కోర్టు కాగితాల తెలుగులో ఈ పిల్లల్ని 'అక్రమ సంతానం' అని రాస్తారు. అక్రమం చేసిందెవరు? మాటిచ్చి తప్పిందెవరు? నంబరు మార్చి పారిపోయిందెవరు? పేరు మాత్రం పసిగుడ్డుకు! ఇది కొత్తది కాదు. నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జోగినీ పేరుతో మన ఆడపిల్లల్ని ఊరికి వదిలారు. 1988లో చట్టం చేసి నిషేధించారు, మంచిదే. వాళ్ల కడుపున పుట్టిన పిల్లల తండ్రులు మాత్రం దర్జాగా అదే ఊళ్లో తిరిగారు. ఊరందరికీ తండ్రెవరో తెలుసు, బడి రిజిస్టరుకే తెలియదు. ఆ గడి దగ్గర ఆగిపోయి తల వంచుకున్న తల్లుల్ని జూన్ నెలలో ప్రతి పంతులూ చూసే ఉంటాడు. పుట్టిన సర్టిఫికెట్టు కావాలంటే తండ్రి పేరు చెప్పి తీరాలని గుమస్తాలు తిప్పి పంపితే, 2015 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉందని చెప్పండి. పెళ్లికాని తల్లి ప్రమాణపత్రం ఇస్తే చాలు, సర్టిఫికెట్టు ఇవ్వాలి.

కేసు పెడతామనగానే అందరికీ గుర్తొచ్చేది రేప్ కేసు, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసు. జరిగిన సంగతులు అట్లా ఉన్నప్పుడు పెట్టాల్సిందే, అందులో వెనక్కి తగ్గేది లేదు. కానీ ఆ కేసులో కోర్టు మొదట అడిగే ప్రశ్న ఏంది? పిల్ల ఇష్టపడిందా, లేదా? 2003లో కర్ణాటక నుంచి పోయిన ఒక కేసులో పెళ్లి చేసుకుంటానని నమ్మించి కడుపు చేసినవాణ్ణి సుప్రీంకోర్టు విడుదల చేసింది. చెప్పిన కారణాల్లో ఒకటి వినండి. ఇద్దరి కులాలు వేరు, ఈ పెళ్లికి ఇళ్లల్లో అడ్డుపడతారని ఆమెకు తెలుసు అని. ఓహో! ఆ మాట ఇచ్చేటప్పుడు వాడికి కులం గుర్తులేకపోయినా ఫర్వాలేదు, నమ్మేటప్పుడు ఆమెకు మాత్రం గుర్తుండాలి. కులం చివరికి వాడికి రక్షణ అయింది. మూడేళ్లకు, 2006లో, మన ఆంధ్రప్రదేశ్ నుంచే పోయిన ఇంకో కేసు వేరే దారి పట్టింది. అక్కడ కుర్రోడు పంచాయతీలో పెద్దల ముందు ఒప్పుకుని ఆ తర్వాత పరారయ్యాడు. ఆ పెద్దలు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పారు. శిక్ష నిలబడింది. పెద్దమనుషులు తలుచుకుంటే ఏం చేయగలరో ఆ కేసు చెబుతుంది. మన అరుగు మీది పెద్దలు తలుచుకోరు, అదీ సంగతి. ఇప్పుడు కొత్త న్యాయ సంహితలో 69వ సెక్షన్ అని, పెళ్లి పేరుతో మోసం చేస్తే పదేళ్ల దాకా శిక్ష అని రాశారు. అది ఎవరి మీద ఎట్లా పనిచేస్తుందో చూడాలి.

నేను చెప్పేదేమంటే, ఆ కేసు గెలుస్తామో ఓడతామో తెలియదు. బిడ్డ కేసులో ఇష్టమా బలవంతమా అన్న ప్రశ్నే పుట్టదు. బిడ్డను ఎవరూ అడిగి కనలేదు. ఒకే ఒక్క ప్రశ్న: వీడు తండ్రి అవునా, కాదా? రెండు కేసులు రెండు దారుల్లో నడుస్తాయి. క్రిమినల్ కేసులో వాడు దండలేసుకుని బయటికొచ్చినా తండ్రి తండ్రే. కనక "ముందు ఆ కేసు తేలనీ" అని భరణం పిటీషను ఆపకండి. అత్యాచార కేసుల్లో ప్రభుత్వం ఇచ్చే సహాయం, 2016 నుంచి రేప్ కేసుకు 5 లక్షలు, అదీ విడతలుగా, ఆ తల్లికి జరిగినదానికి ప్రభుత్వం ఇచ్చేది. తండ్రి జేబులోంచి అందులో ఒక్క పైసా లేదు. "గవర్నమెంటు డబ్బు వచ్చింది గదా, ఇంకేం కావాలి" అనేవాళ్లు మన వాడలోనే ఉన్నారు. వాళ్లకు ఈ తేడా చెప్పండి.

"తండ్రి నేను కాదు" అంటాడు. అంటాడని మనకు తెలుసు. అక్కడితో ఆగక పిల్ల నడవడి మీద బురద చల్లుతాడు, నలుగురు పాలేళ్లతో అబద్ధపు సాక్ష్యం చెప్పిస్తాడు. ఒకప్పుడు ఇక్కడే మన పిల్లలు ఓడిపోయేవాళ్లు. ఇప్పుడు డీఎన్ఏ పరీక్ష ఉంది. ఈ పరీక్ష మన దేశంలో కోర్టు గడప మొదట తొక్కింది హత్యకేసులోనో దొంగతనం కేసులోనో అనుకుంటారు. కాదు. కేరళలో తలశ్శేరి కోర్టులో పెళ్లికాని ఒక తల్లి తన కొడుక్కి భరణం అడిగిన కేసులో, 1989లో. పరీక్ష చేసి సాక్ష్యం చెప్పింది మన హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్త లాల్జీ సింగ్. 1991లో కేరళ హైకోర్టు కూడా దాన్ని ఖాయం చేసింది. ఒక పేద తల్లి బిడ్డ కూటి కోసం వచ్చిన సైన్సు ఇది. దీన్ని చూసి మనం బెదరడం ఏంది? బెదరాల్సింది వాళ్లు.

పెద్దవాళ్లను ఎవరు కదిలిస్తారంటారా? 2007 నుంచి 2009 దాకా హైదరాబాదు రాజభవన్‌లో గవర్నరుగా కూర్చున్న ఎన్.డి. తివారీ మీద 2008లో ఒక యువకుడు ఢిల్లీ హైకోర్టులో దావా వేశాడు, ఈయనే నా తండ్రి అని. తివారీ రక్తం ఇవ్వనన్నాడు, సుప్రీంకోర్టు దాకా పోయాడు. చివరికి 2012లో రక్తం తీశారు, ఆ జులైలో ఫలితం చదివారు. తండ్రి ఆయనే. ఆ యువకుడికి చదువుంది, డబ్బుంది, పెద్ద లాయర్లున్నారు, ఆయనకే నాలుగేళ్లు పట్టింది. మన పిల్లకు ఎంత కష్టమో నేను తక్కువ చేసి చెప్పడం లేదు. కానీ చట్టం గవర్నరుగిరీ చేసినవాడి చేతి నరం పట్టుకున్నప్పుడు మా ఊరి సర్పంచి బామ్మర్ది ఎంత?

అయితే అడగ్గానే పరీక్షకు పంపరు. ఊరికే అనుమానం మీద ఎవరి రక్తమూ తీయకూడదని, ముందు కొంత ఆధారం చూపాలని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఆధారం పోగుచేయడమే మన పని. ఫోనులో పెట్టిన మెసేజీలు, ఫొటోలు, పంచాయతీ కాగితం, ఆ రోజు అరుగు కింద నిలబడి విన్నవాళ్ల మాట. ఆస్పత్రి కార్డు మీద ఎవరి పేరుంది, ఎవరు తోడు వెళ్లారు. ఇవి చూపాక కోర్టు పరీక్షకు ఆదేశించి, వాడు రక్తం ఇవ్వనంటే, ఆ ఇవ్వకపోవడాన్నే వాడికి వ్యతిరేకంగా తీసుకోవచ్చు. దాచేవాడికే గదా భయం.

మనవాళ్లే చేసే ఒక పని ఈ బిడ్డలకు ఉరితాడవుతోంది, దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పిల్లకు నెలలు నిండకముందే పరువు పోతుందని గాబరాపడి ఎవడో ఒకడికి కట్టబెడతారు. రెండో సంబంధం వాడికో, దూరపు మేనమామకో. పరువు నిలిచిందనుకుంటారు. పెళ్లి ఉండగా పుట్టిన బిడ్డను చట్టం ఆ మొగుడి బిడ్డగానే చూస్తుంది. పాత ఎవిడెన్సు చట్టంలో 112, ఇప్పుడు సాక్ష్య అధినియమ్‌లో 116. ఆ సమయంలో ఇద్దరూ కలిసే వీలే లేదని రుజువైతే తప్ప ఆ ముద్ర పోదు. 2025 జనవరిలో కేరళ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. పెళ్లిలో పుట్టినవాడు మొగుడి బిడ్డే, బయటివాణ్ణి చూపించి భరణం అడగడానికి గాని, అతనికి పరీక్ష చేయమనడానికి గాని వీల్లేదని. చూశారా! హడావిడి పెళ్లితో మనం మోతుబరి కొడుక్కి కోర్టు కూడా ఇవ్వలేనంత గట్టి రక్షణ ఇస్తున్నాం. బిడ్డ భారం ఇంకో కూలివాడి నెత్తిన పెడుతున్నాం. వాడు తాగొచ్చి "ఎవడికి పుట్టావురా" అని ఆ బిడ్డను తంతాడు. ఇదా పరువు?

ఇంకో బెదిరింపు కూడా నడుస్తోంది. "అగ్రకులపోడి పేరు తండ్రిగా రాయిస్తే పిల్లోడికి ఎస్సీ సర్టిఫికెట్టు పోద్ది, ఆలోచించుకోండి" అని. మా మండలంలో ఈ మాట పుట్టించింది చదువుకున్నవాళ్లే. 2012లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది వేరు. తండ్రి కులమే బిడ్డ కులమని కళ్లు మూసుకుని రాయకూడదు. బిడ్డ ఎవరి మధ్య పెరిగాడు, ఎవరి అవమానాలు పడ్డాడు, ఊరు ఏ కులంగా చూసింది, అది చూడాలి అన్నది. వాడలో పెరిగి, వాడ పిల్లగానే మాటలు పడిన బిడ్డకు కేసు వేసినంత మాత్రాన కులం మారదు. నిజానికి మారితే ఆ తండ్రి ఇంటి అరుగు మీద కూర్చోనివ్వాలి గదా! అదెట్లాగూ జరగదు.

కేసు వేయడం ఒక రోజు పని. నిలబెట్టడం ఏళ్ల పని. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 లీగల్ సర్వీసెస్ చట్టం చెబుతుంది. తాలూకా కోర్టులోనే కమిటీ ఉంటుంది, అర్జీ రాసిస్తే చాలు. వాడు ఇప్పుడున్న జిల్లాలోనైనా, బిడ్డ తల్లితో చివరిగా కలిసి ఉన్న జిల్లాలోనైనా పిటీషను వేయొచ్చు. కానీ వాయిదా రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ కావాలి, కోర్టు మెట్ల మీద వాడి మనుషులు నిలబడి ఎకసెక్కాలాడుతుంటే పక్కన ఒక మనిషి కావాలి. ఉచిత వకీలు ఇవేవీ ఇవ్వడు. ఇక్కడ సంఘం కావాలి. ఆర్డరు వచ్చాక కూడా మనవాళ్లు నష్టపోయేది ఒక చిన్న విషయం తెలియక. బాకీ పడ్డ సొమ్ము కోసం అది కట్టాల్సిన రోజు నుంచి ఏడాది లోపు మళ్లీ పిటీషను వేయాలి. "ఈ సంక్రాంతికి ఇస్తా, వచ్చే పంటకు ఇస్తా" అని వాడు తిప్పేది అందుకే. ఏడాది దాటించడానికే! కట్టకపోతే బాకీ ఉన్న ఒక్కో నెలకు నెల దాకా జైలు. జైలుకు పోయొచ్చాను, ఇంక బాకీ లేదంటాడు. అదీ అబద్ధమే. జైలు కట్టించడానికి ఒక దారి మాత్రమే, బాకీ తీరినట్టు కాదని 1988లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

1985లో కారంచేడు తర్వాత మనవాళ్లు చీరాలలో శిబిరం వేసుకుని కూర్చున్నారు. ఊరు తిరిగి రమ్మని పిలిచినా పోలేదు. చంపినవాళ్లతో అరుగు మీద రాజీ లేదని ఆనాడే తేల్చుకున్నాం. మరి బిడ్డ కూటి దగ్గర మాత్రం అదే అరుగు కిందికి చేతులు కట్టుకుని ఎందుకు పోతున్నాం? ఆ మధ్యవర్తుల ఖర్చు 20,000లో మన వాడ పెద్దల వాటా కూడా ఉందని రాస్తే కొందరికి కోపం రావొచ్చు. రానీయండి.

ఇప్పుడు మన మగవాళ్ల దగ్గరికి వస్తాను. "టీచరమ్మా, ఆళ్ల సంగతి రాయండి, మన సంగతెందుకు" అన్నారు ఈ వ్యాసం రాస్తున్నానని తెలిసి. ఎందుకంటే సంఘం జెండా పట్టుకుని తిరిగిన కుర్రాళ్లు కూడా ఉన్నారు ఈ లెక్కలో. అంబేద్కర్ జయంతికి మైకు పట్టుకుంటారు. ఉద్యోగం వచ్చేదాకా వాడలో పిల్లతో తిరిగి, ఉద్యోగం వచ్చాక కట్నం ఇచ్చే సంబంధం చూసుకుంటారు. కడుపున బిడ్డ ఉన్నా "అది నాది కాదు" అనే మాట మోతుబరి కొడుకు నోట విన్నా, మన కామ్రేడ్ నోట విన్నా నా చెవికి ఒకే రకంగా వినపడింది. మోతుబరి మీద కేసంటే ఉరికొచ్చే మన నాయకులు మనోడి మీద కేసంటే "ఉద్యమానికి చెడ్డపేరు, లోలోపల సర్దుకుందాం" అంటారు. అది కూడా అరుగే. కాకపోతే రామాలయం దగ్గర కాకుండా సంఘం ఆఫీసులో వేసిన అరుగు.

కాబట్టి వచ్చే జిల్లా సమావేశం అజెండాలో దీన్ని మొదటి అంశంగా రాయండి. సంఘంలో ఏ బాధ్యత ఉన్నవాడైనా పెళ్లితో పుట్టిన బిడ్డకో, పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకో తిండి పెట్టకుండా వదిలేస్తే ఆ బాధ్యత నుంచి తీసేయాలి, ఆ తల్లికి కోర్టులో మన మనిషే తోడు నిలబడాలి. కార్యదర్శిగారు లేచి ఇది వాళ్ల సొంత విషయమని అంటే, నెలనెలా ఎంత పంపుతున్నాడో రశీదు చూపించమనండి.